అన్నయ్యని నేనే పాస్ చేశాను

హలో... హలో, వినిపిస్తోందా? ఆ, అందరికీ నమస్కారం. ఎలా ఉన్నారు? టీలు అయ్యాయా? నేను బాగానే ఉన్నానండీ, గొంతు ఒక్కటే పోయింది. కిందటి వేసవిలో అరిచి అరిచి పోయిన గొంతు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. అందుకే ఈసారి మాట్లాడకుండా రాస్తున్నాను. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టేసినవాణ్ణి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

నేను పడవ ఇంజన్ల మెకానిక్కుని. మా ఊరి ఆనకట్ట వెనక రేవు ఉంది, ఆ రేవు పక్కన రేకుల షెడ్డు నాది. చెడిపోయిన ఇంజను నా దగ్గరికి వస్తే బాగుపడి వెళ్తుంది. ఒక్కోసారి రెండుసార్లు రావలసి వస్తుంది, అది వేరే సంగతి.

కిందటి వేసవి మొదట్లో కొత్త రూలు వచ్చింది. సరదాకి తిప్పుకునే పడవైనా సరే, దానికి ఇంజను ఉంటే నడిపేవాడి దగ్గర కార్డు ఉండాలి. కార్డు కావాలంటే రెండు రోజుల క్లాసు, యాభై ప్రశ్నల పరీక్ష, ఆ తర్వాత నీళ్ళ మీద అరగంట నడిపి చూపించాలి. పాఠం చెప్పేవాళ్ళ కోసం ఆ కార్డులిచ్చే ఆఫీసు వాళ్ళు చాలా వెతికారు. పుస్తకం చదివినవాళ్ళకి పడవ తెలియదు, పడవ తెలిసినవాళ్ళకి పుస్తకం తెలియదు. నాకు రెండూ సగం సగం తెలుసు. నన్నే పట్టుకున్నారు.

ముందు నేను పాస్ కావాలి కదా. నెల రోజులు నా భార్య ఆ పుస్తకం పట్టుకుని నా ప్రాణం తీసింది. కంచం ముందు కూర్చోబెట్టి, "ఏమండీ, దాటిపోయే పడవ దారివ్వాలా, దాటించుకునే పడవా?" అనేది. జవాబు వస్తేనే కూర. తప్పు చెబితే గరిటె గిన్నెలోకి వెనక్కి వెళ్ళిపోయేది. ఆ నెలలో నాలుగు కిలోలు తగ్గాను, యాభైకి నలభై ఎనిమిది తెచ్చుకున్నాను.

ఇంజన్ ఆయిల్ అమ్మే దుకాణం పైన ఒక గది ఇచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు పన్నెండు, తెల్ల బోర్డు ఒకటి, తిరగాలా వద్దా అని ఆలోచించుకుంటూ తిరిగే ఫ్యాను ఒకటి. వారానికి రెండు బ్యాచ్‌లు. ఎండకి రేకులు కాలి, కిందనుంచి ఆయిల్ వాసన వచ్చి, మధ్యాహ్నానికి మనిషి వేగిపోయేవాడు. వచ్చేవాళ్ళా, సామాన్యులు కారు. ఒక పళ్ళ డాక్టరు గారైతే మొదటి రోజే లేచి నిలబడ్డారు.

"మాస్టారూ, నాకు పేషెంట్లు ఉన్నారు. ముఖ్యమైనవి ఓ అయిదు చెప్పేయండి, వెళ్ళిపోతాను."

"డాక్టర్ గారూ, ముప్పై రెండు పళ్ళలో ముఖ్యమైనవి అయిదు ఉంచి మిగతావి పీకేస్తారా?"

అందరూ నవ్వారు. ఆయన కూర్చున్నారు. కానీ రోజుకి ఎన్నిసార్లని నవ్వించగలం చెప్పండి. లైఫ్ జాకెట్ కూర్చునే చోట పరుచుకోవడానికి కాదు, ఒంటికి తొడుక్కోవడానికి అని నేను ఆ వేసవిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సాయంత్రం షెడ్డుకి వెళ్ళేసరికి బాగుచేయాల్సిన ఇంజన్లు వరసగా నన్ను చూస్తూ ఉండేవి. ఇంటికి వెళ్ళాక నా భార్య ఏదైనా అడిగితే చేత్తో సైగ చేసేవాణ్ణి.

ఇక మా ఇంటి సంగతి. కింద అన్నయ్య, వదిన. పైన నేను, నా భార్య. అన్నయ్య నాకంటే పదకొండేళ్ళు పెద్ద. సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తనకి ఉన్న ఒకే ఒక్క సరదా ఆ పడవ. ఆరుగురు పట్టే అల్యూమినియం పడవ, వెనక ఇంజను. తెల్లవారగానే రేవుకి వెళ్ళి ఒక చుట్టు తిప్పి వస్తే గానీ ఆ రోజు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు. ఆదివారమైతే మనవరాలు వస్తుంది, ఏడేళ్ళది. దాన్ని ఎక్కించుకుని వెళ్ళడానికి శనివారం నుంచే పడవ తుడవడం మొదలుపెడతాడు.

కార్డు మాట ఎత్తితే మాత్రం మండిపడేవాడు. రేవులో కాపలా పడవ వాళ్ళు రెండుసార్లు ఆపి చెప్పారు. మూడోసారి పడవ తీసుకెళ్ళిపోతామన్నారు. ఆ రోజు మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"నాకు కార్డేమిట్రా? ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. ఒక్క కోడిని కూడా తొక్కలేదు."

"నీళ్ళలో కోళ్ళుండవు అన్నయ్యా."

"అదే నేనూ అంటున్నాను. ఇంకా సులువు."

"రెండు రోజులే. వచ్చి కూర్చో."

"నువ్వు పాఠం చెప్తే నేను వినాలి? నీకు చెడ్డీ తొడుక్కోవడం నేర్పింది ఎవడు?"

వదిన లోపలినుంచి కేక వేసింది. "వెళ్ళండీ, వెళ్తే అరిగిపోతారా? రెండు రోజులు నా చెవులకైనా విశ్రాంతి."

వచ్చాడు. ఆ పళ్ళ డాక్టరు గారి బ్యాచ్‌లోనే, వెనక కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను బోర్డు మీద రెండు పడవలు గీసి, "మీ కుడివైపు నుంచి ఇంకో పడవ అడ్డంగా వస్తోంది. ఎవరు ఆగాలి?" అని అడిగాను.

ఎవరూ చెప్పలేదు. అన్నయ్య అందుకున్నాడు. "ఒరేయ్, ముందు ఆ పడవ సరిగ్గా గియ్యి. అరటిపండులా ఉంది."

గది గదంతా ఘొల్లుమంది. నా చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళ డాక్టరు గారు పక్కకి వంగి, "మీ ఇద్దరూ చుట్టాలా?" అని అడిగారు.

"చుట్టం కాదండీ, నా తమ్ముడు. నేనే పెంచాను. పెంపకంలో ఎక్కడో లోపం జరిగింది" అన్నాడు అన్నయ్య.

కానీ రాతపరీక్షలో నలభై మూడు వచ్చాయి తనకి. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద రెండుసార్లు తట్టుకున్నాడు. నేను చూడలేదనుకున్నాడు.

నీళ్ళ మీద పరీక్ష మరుసటి ఉదయం. రేవుకి ఎదురుగా మూడు చోట్ల ఎర్ర డబ్బా ఒకటి, పచ్చ డబ్బా ఒకటి జంటగా తేలుతుంటాయి. వాటి మధ్యలోంచి వంకర టింకరగా పడవ పోనివ్వాలి. మధ్యలో పక్కనుంచి టీ కొట్టు ఆయన తెడ్ల పడవలో అడ్డంగా వస్తాడు. అది చూసి వేగం తగ్గించి దారివ్వాలి. చివర్లో నెమ్మదిగా రేవుకి చేరాలి. అంతే పరీక్ష. సొంత పడవ ఉన్నవాళ్ళు సొంత పడవలోనే చేయొచ్చు.

మిగతా పదకొండు మందికీ నేను పడవ మధ్య బల్ల మీద, నడిపేవాడికి ఎదురుగా కూర్చున్నాను. కాగితం ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళ కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూస్తూ మార్కులు వేశాను. అన్నయ్య వంతు వచ్చింది. తన పడవ. ఎక్కాను, నేరుగా వెళ్ళి ముందు బల్ల మీద కూర్చున్నాను. తనకి వీపు పెట్టి, నీళ్ళవైపు చూస్తూ. ఆ పడవలో నా చోటు అదే. ఎప్పుడూ అక్కడే కూర్చున్నాను. ఇంకోచోట కూర్చోవచ్చన్న ఆలోచన కూడా రాలేదు.

మూడు జతల మధ్యలోంచీ అన్నయ్య దారంలా లాగేశాడు. టీ కొట్టు ఆయన అడ్డం వస్తే సరిగ్గా ఎంత దూరంలో తగ్గించాలో అంత దూరంలో తగ్గించాడు. రేవుకి పడవ తగిలినట్టు కూడా తెలియలేదు. ఆ రోజు పన్నెండు మందిలోకీ బాగా నడిపింది అన్నయ్యే. ఒడ్డున నా భార్య, వదిన చప్పట్లు కొట్టారు. నేను సంతకం పెట్టాను. వారానికి కార్డు వచ్చింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, పాలవాడితో సహా వీధిలో అందరికీ చూపించాడు.

"ఫోటోలో దొంగలా ఉన్నారు" అంది వదిన.

"దొంగైతే ఏం, లైసెన్సున్న దొంగ."

ఆ రెండు వారాలు మా ఇంట్లో కింద అంతస్తు వెలిగిపోయింది. నేను మాత్రం అలిసిపోయి ఏ సంతోషంలోనూ పూర్తిగా కూర్చోలేకపోయాను.

మూడో ఆదివారం పొద్దున షెడ్డులో ఉన్నాను. రేవులో అరుపులు వినిపించాయి. పరిగెత్తుకెళ్ళేసరికి ఒకాయన తడి బట్టలతో మెట్ల మీద కూర్చుని భుజం పట్టుకుని మూలుగుతున్నాడు. గాలం వేసుకోవడానికి తెడ్ల పడవలో వెళ్ళిన మనిషి. అన్నయ్య పడవ పక్కనుంచి వెళ్ళి గుద్దింది. తెడ్డు విరిగింది, ఆయన నీళ్ళలో పడ్డాడు. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి సరిపోయింది. మనవరాలు వదిన నడుం పట్టుకుని వెక్కుతోంది. దానికి దెబ్బ తగల్లేదు, భయపడిందంతే.

"ఎక్కడినుంచో ఊడిపడ్డాడ్రా! ఉన్నట్టుండి!" అన్నాడు అన్నయ్య. మొహం తెల్లబోయింది.

"నేను ఊడిపడ్డానా? అరగంట నుంచి అక్కడే ఉన్నాను!" అన్నాడు గాలం ఆయన.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఎముక విరగలేదు, కమిలింది. మంచివాడు, పెద్దది చేయలేదు. విరిగిన తెడ్డుకి బదులు నేను కొత్తది చేయించి ఇచ్చాను. వ్యవహారం సర్దుకుందనే అనుకున్నారందరూ.

మర్నాడు వదిన పైకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమయ్యా, ఒక మాట. నిన్న మా పడవలో కూర్చున్న నాకు ఆ తెడ్ల పడవ దూరం నుంచే కనిపించింది. రెండు నిమిషాలు చూస్తూనే ఉన్నాను. నాకే కనిపిస్తుంటే ఆయనకి కనిపించదా, పక్కకి తిప్పుతారులే అనుకున్నాను. నడిపేటప్పుడు నోరెత్తితే ఆయనకి చిరాకు కదా, ఊరుకున్నాను."

"ఊఁ."

"ఈమధ్య గడపలు తన్నుకుంటున్నారు. పక్కన గ్లాసు పెడితే చెయ్యి తగిలి పడేస్తున్నారు. వయసు అనుకున్నాను." ఆగింది. "నువ్వు పరీక్ష పెట్టావు కదా. అప్పుడు బాగానే నడిపారు కదా?"

"చాలా బాగా నడిపాడు వదినా."

ఆవిడ తల ఊపి దిగిపోయింది. 'బాగా నడిపాడు' అన్న నా మాటే నన్ను వదల్లేదు. ఎందుకో నాకే తెలియదు.

మా కుటుంబానికి ఫోనులో ఒక గ్రూపు ఉంది. పొద్దున్నే పువ్వుల బొమ్మలు పెట్టేది నేనే. అన్నయ్య పరీక్ష రోజు నా భార్య ఒడ్డున నిలబడి తీసిన వీడియో అందులో ఉంది, 'మా బావగారు పాస్' అని రాసి మరీ పెట్టింది. అప్పుడు నేను చూడలేదు. చూడ్డానికేముంది, నేను పడవలోనే ఉన్నాను కదా. మధ్యాహ్నం షెడ్డులో టిఫిన్ డబ్బా మూత తీసి, ఫోను దానికి ఆనించి, ఆ వీడియో పెట్టాను.

మొదటిసారి అన్నయ్యని చూశాను. రెండోసారి నీళ్ళని చూశాను. మూడోసారి నన్ను చూసుకున్నాను.

మా చిన్నప్పటి పడవకి పాత ఇంజను ఉండేది. దాని చప్పుడుకి పక్కవాడి మాట కూడా వినపడేది కాదు. అందుకని అన్నయ్య నన్ను ముందు కూర్చోబెట్టి నేర్పాడు. పడవ రెండు అంచుల మీదా చేతులు పెట్టుకోవాలి. కుడి చేతి వేళ్ళు లేపితే కుడికి తిప్పమని. ఎడమవి లేపితే ఎడమకి. రెండు చేతులూ అంచుని గట్టిగా పట్టుకుంటే నెమ్మది చేయమని. రాళ్ళు చూడ్డం నా పని, తిప్పడం తన పని. ఎనిమిదేళ్ళప్పటి నుంచి అదే అలవాటు.

వీడియోలో మొదటి జత డబ్బాలు దాటగానే నా ఎడమ చేతి వేళ్ళు లేచాయి. ఆ తర్వాత పడవ ఎడమకి తిరిగింది. రెండో జత దగ్గర కుడి వేళ్ళు లేచాయి, అప్పుడు కుడికి తిరిగింది. టీ కొట్టు ఆయన పక్కనుంచి వస్తుంటే నా రెండు చేతులూ అంచుని పట్టుకున్నాయి. పడవ నెమ్మదించింది. అన్నయ్య తల ఒక్కసారి కూడా అటూ ఇటూ తిరగలేదు. మొదటినుంచి చివరిదాకా నా వీపునే చూస్తున్నాడు.

డబ్బాలో అన్నం చల్లారిపోయింది. మూత పెట్టేశాను.

సాయంత్రం పడవకి పడిన సొట్ట తీయించుకోవడానికి అన్నయ్య షెడ్డుకి వచ్చాడు. స్టూలు వేసి కూర్చోబెట్టాను.

"అన్నయ్యా, ఎదురుగా ఆ క్యాలెండరు చూస్తూ ఉండు. తల తిప్పకు. పక్కన ఏదైనా కనిపిస్తే చెప్పు."

"ఇదేం ఆటరా?"

"ఊరికే."

ఎర్ర పిడి ఉన్న స్క్రూడ్రైవరు తీసుకుని తన చెవి పక్కన పెట్టాను. మెల్లగా ముందుకి జరిపాను. చెంప దాటింది. కంటి చివర దాటింది. ఇంకా జరిపాను. తను క్యాలెండరు వైపే చూస్తున్నాడు, బుద్ధిమంతుడిలా.

"మొదలుపెట్టవేంట్రా?" అన్నాడు.

నేను చెయ్యి ఆపలేదు. ఇంకో జానెడు జరిగాక కళ్ళు చిట్లించాడు. చూశాడు. స్క్రూడ్రైవరునీ, నా చేతినీ, నన్నూ.

"ఎంతసేపటినుంచి ఉంది అది అక్కడ?"

"కాసేపటినుంచి."

లేచి నిలబడ్డాడు. చొక్కా దులుపుకున్నాడు. "నీ స్క్రూడ్రైవరు మరీ సన్నం" అన్నాడు.

అప్పుడు వీడియో చూపించాను. ఫోను మొహానికి దగ్గరగా పట్టుకుని మొత్తం చూశాడు. నేను తిట్లకి సిద్ధపడ్డాను. తను మాత్రం మామూలుగా అన్నాడు, "అవును. నువ్వు చూపించావు, నేను తిప్పాను. ఇందులో కొత్తేముంది?"

"అన్నయ్యా, నేను కావాలని చూపించలేదు. నా చేతులు లేస్తున్నట్టు నాకే తెలియదు."

తన మొహంలో ఏదో మారింది. "కావాలనే చూపిస్తున్నావనుకున్నానురా. తమ్ముడివి కదా, ఆమాత్రం చేస్తావనుకున్నాను."

రేవులో ఎవరిదో ఇంజను స్టార్టయి ఆగింది. మళ్ళీ స్టార్టయింది. అన్నయ్య స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎవరికీ చెప్పకు. మీ వదినని పక్కన పెట్టుకుంటాను. ఆవిడ చెప్తుంది, నేను తిప్పుతాను. ఆదివారం పాప వస్తుంది. రాను రానంటోందట, భయం పోవాలంటే మళ్ళీ ఎక్కించాలి."

"పాపని వద్దు అన్నయ్యా."

"నా మనవరాల్ని నేను ముంచేస్తానా?"

"గాలం ఆయన్ని ముంచాలనుకున్నావా?"

అనకూడని మాట. అనేశాను.

"రేపు ఆఫీసుకి వెళ్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నీకు చెప్పకుండా వెళ్ళడం ఇష్టం లేక చెప్తున్నాను" అన్నాను.

అన్నయ్య చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు అంచుకి భుజం తగిలింది. వెనక్కి తిరగలేదు.

ఆ రాత్రి నా భార్యతో చెబితే ఆ వీడియో మళ్ళీ పెట్టి చూసింది. తర్వాత, "వీడియో నేను తీయకపోతే బాగుండేది" అంది. ఇంకాసేపటికి, "తీయడమే మంచిదైంది" అంది. ఆవిడది ఎప్పుడూ అంతే, రెండు వైపులా తనే మాట్లాడుతుంది. నాకు మాట్లాడే ఓపిక లేదు కాబట్టి సరిపోయింది.

ఆఫీసులో ఇంచార్జి మేడం ఉన్నారు. ఆవిడా ఆ వేసవికి నలిగిపోయిన మనిషే, బల్ల మీద ఫైళ్ళు మెడదాకా ఉన్నాయి. నేను చెప్పిందంతా విని పెన్ను కింద పెట్టారు.

"మీరు చెప్పకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు."

"తెలిసేదండీ. ఏదో ఒక ఆదివారం తెలిసేది."

ఆవిడ ఆ ఫైళ్ళలోంచి మా బ్యాచ్‌ది వెతికి తీశారు. "మీ అన్నగారి కార్డు ఆపేస్తాం. కంటి డాక్టరు సర్టిఫికెట్ తెస్తే అప్పుడు చూద్దాం. మీ సంతకం మీద కూడా ఇక కార్డులు ఇవ్వలేం. ఆ బ్యాచ్‌లో మిగతా పదకొండు మందినీ వేరేవాళ్ళు మళ్ళీ నీళ్ళ మీద చూడాలి. ఏమీ అనుకోకండి."

"ఏమీ అనుకోనండీ."

నిజంగానే ఏమీ అనుకోలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే, నా ఒంట్లో అలసట ఎంత పేరుకుపోయిందో అప్పుడు తెలిసింది. అక్కడే కునుకు పట్టింది. వాచ్‌మన్ లేపాడు.

పళ్ళ డాక్టరు గారు ఫోన్ చేసి, "నా పళ్ళు మళ్ళీ లెక్కపెడతారా?" అని తిట్టారు. పడ్డాను. రేవులో కొందరు, సొంత అన్న మీదే చాడీ చెప్పాడన్నారు. అదీ పడ్డాను. ఆదివారం మనవరాలు వచ్చింది. పడవ గట్టు మీద బోర్లించి ఉంది. అన్నయ్య లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడట. వదిన చెప్పలేదు, పాపే పైకి వచ్చి చెప్పింది.

అప్పటినుంచి అన్నయ్య నాతో మాట్లాడలేదు. నలభై రోజులు. మెట్ల దగ్గర ఎదురుపడితే గోడకి జరిగి దారి ఇచ్చేవాడు, అదీ పరాయివాడికి ఇచ్చినట్టు. ఆదివారాలు కింద కలిసి తినే భోజనాలు ఆగిపోయాయి. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పిలవలేదు. ఆడవాళ్ళిద్దరూ మాత్రం మాట మానలేదు. ఏ గిన్నె కిందికి వెళ్ళినా ఖాళీగా తిరిగి రాలేదు.

వదిన పోరు పెట్టి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నీటికాసులట. కంటి లోపల ఒత్తిడి పెరిగి, చూపు చుట్టూ అంచుల నుంచి తినేసుకుంటూ వస్తుందట. నొప్పి ఉండదు కాబట్టి మనిషికి తెలియదు. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలి, రోజూ రెండు పూటలా చుక్కలు వేయాలన్నారు. ఇంకో ఏడాది ఆగి వచ్చి ఉంటే వదిన మొహం కూడా మిగిలేది కాదన్నాడట డాక్టరు.

"అది విని బావగారు ఏమన్నారో తెలుసా?" అంది నా భార్య, చుక్కలు వేసి పైకి వచ్చాక. వదిన చేతికి వణుకు, అందుకని ఈవిడే వేసేది. "ఏమీ అనలేదు. ఇంటికొచ్చి అక్కయ్య మొహం చూస్తూ కూర్చున్నారట. 'ఏంటండీ, కొత్తగా చూస్తున్నారు' అంటే, 'నీ ముక్కు మీద పుట్టుమచ్చ ఎప్పుడొచ్చింది?' అని అడిగారట. పెళ్ళినాటినుంచీ ఉంది అది."

నేను నవ్వబోయాను. రాలేదు.

క్లాసులు పోయాయి కాబట్టి షెడ్డు పనిలో పడ్డాను. కొత్త ట్రైనరు వచ్చాడు, సన్నగా, పొడుగ్గా, నవ్వని మనిషి. ఎండలు తగ్గాయి. మొదటి మబ్బులు పట్టి, ఆనకట్ట మీద గాలి తిరిగిన రోజు, సాయంత్రం ఇంట్లో రేడియో విప్పి కూర్చున్నాను. మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక్కో మెట్టునీ కాలితో తడుముకుంటూ, ఆగి ఆగి. ఆ అడుగులు ఎవరివో నాకు చెప్పక్కర్లేదు. కానీ లేచి వెళ్ళే ధైర్యం రాలేదు.

అన్నయ్య గుమ్మంలో నిలబడి గది మొత్తం తల తిప్పి చూశాడు, అంగుళం అంగుళం. చివరికి నేను దొరికాను.

"మీ వదినకి కార్డు కావాలట" అన్నాడు.

నేను రేడియో కట్టేశాను.

"పడవ అమ్మేద్దామన్నాను. వద్దంది. 'ముప్పై ఏళ్ళు మీ బస్సులో వెనక కూర్చున్నాను, ఇప్పుడు నేను నడుపుతాను, మీరు టికెట్ కొనుక్కుని కూర్చోండి' అంది. పుస్తకం కూడా తెప్పించింది. నీ పెళ్ళాం దగ్గర పాఠాలట. రెండు రోజుల్నుంచి కూర ఆలస్యమవుతోంది. పేరు రాయించు."

"నేను రాయించలేను అన్నయ్యా. నన్ను తీసేశారు. ఇప్పుడు వేరే ఆయన చూస్తున్నాడు."

"తెలుసు. ఎలాంటివాడు?"

"స్ట్రిక్టు. పోయిన బ్యాచ్‌లో ఏడుగురిని ఫెయిల్ చేశాడు."

"హమ్మయ్య" అన్నాడు అన్నయ్య. "నువ్వైతే దాన్ని కూడా పాస్ చేసేసేవాడివి."

వంటింట్లో నా భార్య పెద్దగా నవ్వింది. చేతిలో ఏదో గిన్నె కింద పడింది. "బావగారూ, టీ పెడుతున్నాను, కూర్చోండి" అని అక్కడినుంచే అరిచింది.

అన్నయ్య చేత్తో వెతుక్కుని మంచం మీద కూర్చున్నాడు. నేను గది రెండో వైపు ఉన్న నా కుర్చీ ఎత్తుకొచ్చి, సరిగ్గా తనకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను, కనిపించేచోట.

ఇదండీ సంగతి. ఇంతసేపు నా సోది చదివినందుకు సంతోషం. మీ ఇంట్లోనూ పడవో, కారో, స్కూటరో నడిపే పెద్దాయన ఒకరు ఉండే ఉంటారు. ఈ కథ ఆయనకి పంపకండి, ఆయన చదవరు. ఆయన పక్కన నోరు మూసుకుని కూర్చునేవాళ్ళకి పంపండి.